కొండకీ ఏటికీ మధ్య గడి

మేడమీద అద్దె గది,
మార్చి, ఆదివారం

అక్కకి,

నువ్వు అడిగినట్టే ఆట ఫైలు దీనితో పంపిస్తున్నాను. ఎలా తెరవాలో మర్చిపోలేదు కదా? కొట్టు వెనక గదిలో తోడికోడళ్ళిద్దరం మౌసు లాక్కుంటూ ఆడిన ఆటే ఇది. ఇప్పుడు మనకి బదులు ఫైలు అటూ ఇటూ తిరుగుతుంది, అంతే తేడా. నీ వంతు ఆడి నాకు పంపు, నా వంతు ఆడి నీకు పంపుతాను. రాజ్యం ఒక్కటే. అందులో నీ ఊరు నీది, నా ఊరు నాది. ఎదురుగా కంప్యూటరు రాజు ఉంటాడు, వాడి పని ఇద్దరం కలిసి పట్టాలి.

షరతులు పాతవే. అవతలి వాళ్ళ గడి ముట్టుకోవాలంటే అడిగి తీసుకోవాలి. నా గోధుమ చేను నువ్వు అడక్కుండా లాక్కున్నప్పుడు నేను ఎంత గోల చేశానో గుర్తుందిగా? కొత్త షరతు ఒకటి: ఫైలొక్కటే పంపితే చెల్లదు, ఉత్తరం కూడా రాయాలి. ఫోన్లో మాట్లాడుకుందామంటే ఇక్కడ ఈయన చెవులు చాటలంత చేసుకుంటారు, అక్కడ బావగారు దగ్గుతారు. ఇద్దరికీ వినాలనే ఉంటుంది, విన్నట్టు కనబడకూడదు. మన ఖర్మ.

ఈయన బస్సుల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో కుదురుకున్నారు. పొద్దస్తమానం ఒకటే బూడిదరంగు రెగ్జిను. ఒకటే కొలత, ఒకటే కుట్టు. ఇంటికొచ్చి తిని గోడవైపు తిరిగి పడుకుంటారు. అక్కడుండగా ఈ మనిషి నోరు మూయించలేక చచ్చేదాన్ని కదా, ఇప్పుడు ఏదన్నా అడిగితే 'ఊఁ' అంటారు. నేను దిండు గలీబులు కుడుతున్నాను. గది చిన్నదే కానీ వెలుతురు బాగా వస్తుంది.

నా ఊరు మ్యాపుకి ఆ చివర, సముద్రం ఒడ్డున పెట్టాను. నీకు చాలా దూరం. ఎవరి నేల వాళ్ళదైతే కొట్లాట ఉండదనిపించింది.

నీ
బుల్లి


కొట్టు వెనక గది,
మార్చి, శుక్రవారం

బుల్లికి,

అంత దూరం పోయి కూచున్నావేమే? తెలివి తెల్లారినట్టే ఉంది. ఈ ఆట నాకు నేర్పింది నువ్వు. గడికి ఆరు పక్కలుంటాయి, ఆ పక్కల్లో ఏముందో దాన్ని బట్టే లాభం అని నా చెవిలో జోరీగలా పోరింది నువ్వు. బడి పెడితే కొండ పక్కన పెట్టాలి, అంగడి పెడితే ఏటి పక్కన పెట్టాలి, పనివాళ్ళ పేటకి ఇంకో పనివాళ్ళ పేట ఆనుకుని ఉంటే రెండిటికీ రాబడి పెరుగుతుంది అన్నావా లేదా? ఊరికీ ఊరికీ మధ్య మూడు గడులుంటే చాలునని కూడా నువ్వే అన్నావు. ఇప్పుడు సముద్రం దాకా పారిపోతే నా పేట పక్కన ఎవరుంటారు, నక్కలా?

కొట్లాట ఉండదట! ఆనుకుని ఉన్నన్నాళ్ళూ ఈ రెండు కొట్లూ ఎలా నడిచాయో నువ్వు చూడలేదూ? కుర్చీ ఇక్కడ చట్రమై, నడిమి తలుపులోంచి అటు వెళ్ళి, స్పాంజి వేసుకుని గుడ్డ కట్టుకుని మీ గుమ్మంలోంచి బయటికొచ్చేది. చెక్కపని చూసి ఇటు వచ్చినవాడు మెత్తలు చూసి అటు వెళ్ళేవాడు. ఆ సినిమా హాలు వాళ్ళు ఇనప చట్రాలు పట్టుకొచ్చి వీటికి సీట్లు కుట్టమని మా మరిదిని అడిగారు. ఆయన సరేనన్నాడు. 'అయితే నా చెక్క నీకు పనికిరాకుండా పోయిందన్నమాట' అని మీ బావగారు నడిమి తలుపుకి అడ్డంగా చెక్క పెట్టి మేకులు దిగ్గొట్టారు. మా మరిది మాత్రం తక్కువ తిన్నాడా? మర్నాడే కుట్టు మిషన్లు లారీ ఎక్కించాడు. దొందూ దొందే.

మీ కొట్టు ఇంకా ఖాళీగానే ఉంది. ఓనరమ్మ తాళాల గుత్తి ఆడించుకుంటూ వచ్చి దాని ముందు నిలబడి వెళ్తోంది. ఆవిడ మాత్రం ఎన్నాళ్ళని ఊరుకుంటుంది?

ఆ ఆట తీసి అవతల పారెయ్. కొత్తది మొదలుపెట్టి పంపిస్తున్నాను. నా ఊరు ఏటి ఒడ్డున, వెనక కొండ. నువ్వు సరిగ్గా మూడు గడుల అవతల దిగాలి. దిగకపోయావో, ఈసారి నీ గోధుమ చేను ఒక్కటే కాదు, ఊరు మొత్తం లాక్కుంటాను.

అక్క


మేడమీద గది,
ఏప్రిల్, ఆదివారం

అక్కకి,

నీ మాట జవదాటతానా? దిగాను. మూడు గడులు మధ్యలో వదిలి, మెట్ట మీద పెట్టాను. ఆట ఊరికి పేరు అడిగితే 'అడ్డచెక్క' అని పెట్టాను. ఈయన చూసి ఊరుకుంటారనుకున్నాను. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నా వెనకాలగా వెళ్తూ ఆగి, తెర మీదికి వంగి, 'పేరు మార్చు' అన్నారు. కాసేపయ్యాక మళ్ళీ వచ్చి, 'వదిన కొండని బాగా వెనక వేసుకుంది' అన్నారు. నెల రోజుల్లో ఈ మనిషి తనంతట తాను అన్న పెద్ద మాట ఇదే, అక్కా. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పేరు మార్చలేదు. ఎందుకు మార్చాలి?

ఇక్కడ అందరూ మంచివాళ్ళే. కింద ఇంటివాళ్ళు పలకరిస్తారు. కానీ పని గురించి మాట్లాడ్డానికి ఎవరూ లేరు ఈయనకి. ఫ్యాక్టరీలో సీటు ఎవరు చేశారో ఎవరికీ తెలియదట, తన చేతిలోంచి వెళ్ళిన సీటు ఏ బస్సులో పోయిందో తనకీ తెలియదట. మొన్న మేం బస్సెక్కితే సీటు అంచు కింద చెయ్యి పెట్టి తడిమి, 'ఇది నాది కాదు' అని కిటికీలోంచి చూస్తూ కూచున్నారు.

నీ మూడో పేట బాగా పెట్టావు. నువ్వేనా అనిపించింది.

బుల్లి


కొట్టు వెనక గది,
మే, బుధవారం

బుల్లికి,

నేను కాకపోతే ఎవరు పెడతారే? వయసుతోపాటు బుద్ధి పెరిగిందనుకో. ఆ సంగతి వదిలెయ్.

ఇక్కడో తమాషా జరిగింది. సందు చివర భోజనశాల వాళ్ళకి కుర్చీలు కావలసివచ్చాయి. మెత్తలు లేని వట్టి చెక్క కుర్చీలే. మెత్తలు కుట్టేవాళ్ళు ఎవరున్నారు గనక? మీ బావగారు చేశారు, నేను పాలిష్ పెట్టాను, బండి మీద వెళ్ళిపోయాయి. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ యజమాని వచ్చి, 'ఏవండీ, మీ కుర్చీల్లో కూచుంటే టకటకా కొట్టుకుంటున్నాయి, తినేవాళ్ళు నవ్వుతున్నారు' అన్నాడు. ఈయనకి పౌరుషం వచ్చి, 'నా కుర్చీ కదలడమేంటి' అని వెళ్ళి చూశారు. నేనూ వెంట వెళ్ళాను. కాళ్ళు గట్టిగానే ఉన్నాయి. కూచునే పలకే చట్రంలో వదులుగా ఆడుతోంది. నాలుగువైపులా సన్నటి సందు.

గుడ్డ మందం సందు, బుల్లీ. పలకకి గుడ్డ చుట్టి దింపితే చట్రంలో బిగిసి కూచోవాలని ఎప్పుడూ వదులుతారే, అదే. గుడ్డే లేని కుర్చీకి గుడ్డ కోసం చోటు వదిలారు. ఒక కుర్చీకా? అన్నిటికీ!

'ఇదేంటండీ' అంటే, 'చెయ్యి అలవాటు' అన్నారు. ప్రస్తుతానికి అట్టముక్కలు దోపి వచ్చాను.

ఇంకో కబురు. సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయొకడు మీ కొట్టు చూసుకుని వెళ్ళాడు. లోపల అరలు ఎక్కడ కొట్టాలో కూడా ఓనరమ్మతో మాట్లాడాడు. వీధికి దగ్గరగా ఉంది, బాగా నడుస్తుందన్నాడు. మీ బావగారు ఆ మాటలు వింటూనే చిత్రిక పడుతున్నారు. చిత్రిక పట్టిన చెక్కనే మళ్ళీ పట్టారు.

నా వంతు ఆడాను, చూసుకో.

అక్క


మేడమీద గది,
జూన్, ఆదివారం

అక్కకి,

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నీ ఊరి పక్కన, కొండకీ ఏటికీ మధ్య ఒక గడి ఉంది. ఈ మ్యాపు మొత్తం మీద పనివాళ్ళ పేటకి అంతకన్నా మంచి చోటు లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క ఏరు, ఒక పక్క నీ పేట, ఇంకో పక్క నా ఊరి పొలిమేర. చిన్నపిల్లని కూచోబెట్టినా ముందు అక్కడే కడుతుంది. నువ్వు చుట్టూ అన్నీ కట్టావు, దాన్ని మాత్రం ఖాళీగా వదిలావు. దాని దాకా రోడ్డు కూడా వేశావు. పైగా నీ ఆటే మారిపోయింది. నువ్వు ఆశపోతువి, మొట్టమొదట అంగళ్ళు పెట్టేదానివి. ఇప్పుడు ముందు రోడ్లు, తర్వాత రాతి గని, ఆ తర్వాత పేటలు. ఒక్క గడి కూడా అడ్డదిడ్డంగా లేదు. ఇది నువ్వు ఆడిన ఆటేనా?

సరే, నిన్ను నిలదీసేముందు నా సంగతి చెబుతాను. రెండు నెలలుగా నా వంతు నేను ఆడటం లేదు. ఈయనే ఆడుతున్నారు. ఒకరోజు 'జరుగు' అన్నారు, జరిగాను. అప్పట్నించీ ఫ్యాక్టరీనించి రాగానే చేతులు కడుక్కోవడం, 'వదిన ఫైలు వచ్చిందా' అనడం. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

నిన్న నీ ఉత్తరంలో కుర్చీల సంగతి చదివి వినిపించాను. ముందు పగలబడి నవ్వారు. 'అట్టముక్కలా? మా అన్నయ్య కుర్చీకా?' అని. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఆట తెరిచి ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి, 'ఇది వదిన ఆట కాదు. ముందు ఖాళీ వదిలి దాని చుట్టూ పని చేసేది మా అన్నయ్య ఒక్కడే' అన్నారు. లేచి వెళ్ళి మెట్ల మీద కూచున్నారు. కండువాతో మొహం తుడుచుకుంటుంటే చూశాను. చూడనట్టు లోపలికొచ్చి గలీబులు మడతపెట్టుకున్నాను.

ఎవరు ఆడుతున్నారక్కా అక్కడ?

బుల్లి


కొట్టు వెనక గది,
జూన్, సోమవారం

బుల్లికి,

అవునే, ఆయనే. ఇంకెవరు?

మొదట నా వెనక నిలబడి 'అక్కడ కాదు' అనేవారు. 'మీకేం తెలుసు' అంటే మూతి ముడుచుకుని వెళ్ళి మళ్ళీ వచ్చేవారు. చివరికి రంపపు పొట్టు చేతులతోనే మౌసు పట్టుకున్నారు. దాన్ని దులపలేక చస్తున్నాను. రోజూ సాయంత్రం 'బుల్లి ఉత్తరం వచ్చిందా' అని అడుగుతారు. ఉత్తరం నాకు వదిలేసి ఫైలు తను తెరుచుకుంటారు. మీవైపు ఎత్తులు చూసి ఆయనకీ అనుమానం వచ్చే ఉంటుంది, నోరు విప్పితే కదా. అంటే ఇన్నాళ్ళూ అన్నదమ్ములిద్దరే కూచుని ఆడుకుంటున్నారు, మనిద్దరం మధ్యలో టపా మోస్తున్నాం. మనకి పిచ్చి గాక మరేంటే!

ఆ గడి గురించి నేనూ అడిగాను. 'ఉండనీ' అన్నారు. నన్ను ముట్టుకోనివ్వరు. కట్టకుండా వదిలేస్తే ఊరుకోడు కదా కంప్యూటరు రాజు. వాడి ఊరు పెరుగుతూ పెరుగుతూ ఆ గడి దాకా వచ్చింది, ఇంకొన్ని వంతులైతే లాగేసుకుంటాడు.

ఇక్కడా అదే తంతు. ఒకటో తారీకున కొట్టు ఆ ఫోన్ల అబ్బాయికి ఇచ్చేస్తానని ఓనరమ్మ చెప్పేసింది. ఆవిణ్ణి అనడానికి లేదు, ఇన్నాళ్ళు ఆగింది. వాడు అరలు కొట్టి, ఆ నడిమి తలుపు ఇటుకలతో మూయించాడంటే ఇక ఈ జన్మకి అంతే.

'మీ తమ్ముణ్ణి పిలవండి' అని ఈయనతో పోట్లాడాను. ఏమన్నారో తెలుసా? 'మేకులు కొట్టింది నేను. ఏ మొహంతో పిలవను? వాడికి అక్కడ నెల తిరిగితే జీతం వస్తోంది. పిలిచాక రానంటే?' అన్నారు. అదీ సంగతి. కోపం ఎప్పుడో పోయింది, భయం ఉంది. పెళ్ళినాటినించి చూస్తున్నాను, ఈ మనిషి దేనికైనా భయపడగా నేను చూడలేదు. తమ్ముడు రానంటాడేమోనని భయపడుతున్నారు.

బుల్లీ, దాచకుండా చెప్పు. మా మరిదికి రావాలని ఉందా, లేదా? లేదంటే లేదని రాయి. ఆ గడి నేనే మూసేస్తాను, ఈయన చేత మూయించలేను.

అక్క


మేడమీద గది,
జూన్, గురువారం

అక్కకి,

ఉంది. ఉండకపోవడమేంటి! అక్కణ్ణించి తెచ్చిన మిషన్లకి నూనె రాసి, దుప్పటి కప్పి ఉంచారు ఇన్నాళ్ళూ. వాటి మీద గలీబు కూడా కుట్టనివ్వరు నన్ను.

నీ ఉత్తరం ముందు పెట్టి 'పదండి' అన్నాను. 'అన్నయ్య పిలవలేదుగా' అన్నారు. 'పిలవడానికి ఆయన భయపడుతున్నారు' అన్నాను. 'నాకు మాత్రం భయం లేదా? సామానుతో వెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబడితే, అన్నయ్య తల ఎత్తకుండా చిత్రిక పట్టుకుంటూ ఉంటే ఏం చెయ్యను?' అన్నారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది మన బతుకు. నాకు ఒళ్ళు మండింది. 'కొట్టు గురించి అడగొద్దు, వదిలెయ్యండి. ఆ గడి కావాలా మీకు? మా ఆటలో అవతలి వాళ్ళ గడి కావాలంటే అడిగి తీసుకోవాలి. అది మా షరతు. అడగండి' అన్నాను.

కూచుని రెండు వేళ్ళతో టైపు చేశారు. కొట్టారు, చెరిపారు, మళ్ళీ కొట్టారు. పెద్ద ఉత్తరమే రాస్తున్నారనుకున్నాను. లేచి వెళ్ళాక చూస్తే మిగిలింది ఇంతే. ఉన్నది ఉన్నట్టుగా కింద పెడుతున్నాను. నువ్వు చదవకు, బావగారి చేతికివ్వు. చదువుతావని తెలుసులే.

బుల్లి

అన్నయ్యకి,

కొండకీ ఏటికీ మధ్య ఉన్న గడి నాకు కావాలి. ఇస్తావా?

తమ్ముడు


కొట్టు,
జూన్, శనివారం

తమ్ముడికి,

నేను చెబుతుంటే మీ వదిన టైపు చేస్తోంది. మధ్యలో తన మాటలు కలపొద్దని చెప్పాను. (కలపలేదు. వదిన.)

గడి నీదే. మొదటి రోజునించీ నీకోసమే ఉంచాను. ఇప్పుడు నీ ఊరికి రాసేశాను, ఫైలులో చూసుకో. పేట మాత్రం నేను కట్టలేదు. నువ్వే కట్టుకో, ఆ రాజు మీదికొస్తున్నాడు.

నిన్న ఆ ఫోన్ల అబ్బాయి టేపు పట్టుకుని కొలతలకి వచ్చాడు. 'ఇది మా తమ్ముడి కొట్టు బాబూ' అన్నాను. 'మీ తమ్ముడెక్కడ?' అన్నాడు. 'వస్తున్నాడు' అన్నాను. ఓనరమ్మ అక్కడే ఉంది, వింది. ఆ అబ్బాయికి బస్టాండు దగ్గర వేరే కొట్టు నేనే చూపించాను, అరలు కూడా కొట్టిస్తానన్నాను. ఇంత చేశాక నువ్వు రాకపోతే వీధిలో తలెత్తుకోలేను.

నడిమి తలుపు చెక్క పీకేశాను. ఒక మేకు తల విరిగి గుమ్మంలోనే ఉండిపోయింది. ఎంత లాగినా రావడం లేదు. మిషన్లు జరిపేటప్పుడు చెయ్యి గీసుకోకుండా చూసుకో.

భోజనశాలనించి కుర్చీలన్నీ వెనక్కి తెప్పించాను. సందు సరిగ్గానే ఉంది. గుడ్డ నువ్వే చూసి తీసుకురా, రంగుల సంగతి నాకు తెలియదు. బూడిదరంగు మాత్రం తేకు.

నువ్వు లేకుండా ఇక్కడ నాకు ఏమీ తోచడం లేదురా.

ఇనప చట్రాలకి నేనింకా ఒప్పుకోలేదు. ఆ సంగతి వచ్చాక కూచుని తేల్చుకుందాం. కూచుందామంటే కదలని కుర్చీ ఒక్కటీ లేదు కొట్టులో. త్వరగా రా.

అన్నయ్య